గడప దగ్గర చెప్పిన పేరు

మా వదిన పాపను వెంటబెట్టుకుని ఓడ ఎక్కి మలయా దేశం పోయిన సంగతి మా ఇంట్లో ఇప్పుడు ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతున్నారు. మేజిస్ట్రేటు జాలిపడి సంతకం పెట్టాడని ఒకరంటారు. మా ఆయన ఎవరినో పట్టుకుని పని జరిపించాడని ఇంకొకరంటారు. మొన్న మా మనవరాలు వీసా కోసమని సంచీ నిండా కాగితాలు సర్దుకుంటూ, “అవ్వ కాలంలో ఈ బాధలు యాడుండాయి, ఊరికే ఓడెక్కి పొయ్యుంటారు” అంది. ఊరికే పోలేదు. ఆ కాగితాల కోసం నగరి దాకా, చిత్తూరు దాకా తిరిగినదాన్ని నేను. ఆ సంగతి సరిగ్గా తెలిసినవాళ్ళలో మిగిలింది నేనూ వదినా. అందుకే రాసిపెడుతున్నాను. రాయనా అని వదినకు ఉత్తరం రాస్తే, “రాయి, కానీ ఎవరి పేర్లూ రాయొద్దు” అని జవాబిచ్చింది. ఎందుకలా అందో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

నేను బడిలో చదివింది నాలుగో తరగతి దాకానే. మిగిలిన చదువంతా తిరుపతిలో మా వీధి చివర ఉన్న గ్రంథాలయంలో. మధ్యాహ్నం పూట మగవాళ్ళు లేని సమయంలో ఆడవాళ్ళు వచ్చి కూర్చోవచ్చని అక్కడి పెద్దాయన ఒక బల్ల వేసి పెట్టాడు. వచ్చేది తరచుగా నేనొక్కదాన్నే. రెండు బీరువాల తెలుగు పుస్తకాలు ముగించాక పటాల పుస్తకం తీసి దేశాలు చదవడం మొదలుపెట్టాను. మా వీధిలో మలయా ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలిగినది నేనే. ఒకసారి ఆ పటం ఇంటికి తెచ్చి వదినకు చూపిస్తే, మద్రాసు మీద బొటనవేలు ఆనించి పినాంగు దాకా చిటికెనవేలు చాపి, “జానెడు కూడా లేదే” అంది.

ఆ జానెడు దూరంలో మా అన్న ఉన్నాడు. పెళ్ళైన మరుసటి ఏడు ఒక రబ్బరు తోటలో లెక్కలు రాసే ఉద్యోగానికి పోయాడు. ఇల్లు ఇవ్వగానే వచ్చి తీసుకుపోతానన్నాడు. ఆయన పోయిన తర్వాత పాప పుట్టింది. పాపకు బోర్లా పడడం వచ్చేలోపల జపానువాళ్ళు మలయాను పట్టుకున్నారు. ఉత్తరాలు ఆగిపోయాయి. యుద్ధం జరిగినన్ని రోజులూ నేను గ్రంథాలయంలో పత్రిక చదివి వచ్చేదాన్ని. వదిన వంటింటి గుమ్మంలోనే నిలబడి, “ఏం రాసినారు?” అని అడిగేది. ఏమీ రాయలేదని చెబితే లోపలికి పోయి పొయ్యి ఊదుకునేది. 

యుద్ధం ముగిసిన కొన్ని నెలలకు అన్న ఉత్తరం వచ్చింది. ఒంట్లో సగం పోయింది, ప్రాణం ఉండాది అని రాశాడు. తోట దొర కాపురానికి ఇల్లు ఇచ్చాడనీ, భార్యాబిడ్డలను పిలిపించుకోవడానికి హామీ కాగితం రాసిచ్చాడనీ, ఆ హామీ ఆ ఏడాది ఆఖరు వరకే చెల్లుతుందనీ రాశాడు. ఆలోగా ఇక్కడి కాగితాలన్నీ చేరితే అక్కడ పర్మిట్టు ఇస్తారు. పర్మిట్టు అంటే ఇప్పుడు మీరు వీసా అంటున్నదే. కావలసినవి ఇవీ: పెళ్ళి జరిగినట్టు రుజువు, పాప పుట్టినట్టు రుజువు, తల్లీబిడ్డల ఫోటో, ఈమె ఈయన భార్యేనని మేజిస్ట్రేటు విచారించి ఇచ్చిన ధ్రువపత్రం.

ఉత్తరం నేనే చదివి వినిపించాను. మా అమ్మ విన్నది విన్నట్టే లేచి పాప చెయ్యి పట్టుకుని కొండకు బయలుదేరింది. కొడుకు బతికి ఉన్నాడని కబురొస్తే పాప తల నీలాలు ఇస్తానని మొక్కుకుని ఉంది.

“ఫోటో తీసినాక మొక్కు తీర్చుకోవచ్చు కదమ్మా” అన్నాను.

“దేవునికి బాకీ పెట్టి ఓడెక్కుతారా? నువ్వు చదివిన పుస్తకంలో అట్లా రాసుండాదా?” అంది.

పాప గుండుతో, గుండుకు గంధంతో దిగొచ్చింది. ఫోటో తీసే ఆయన దగ్గరికి తీసుకుపోతే, ఆయన నల్లగుడ్డ కిందినుంచి తల బయటికి పెట్టి పాపను చూసి, పెట్టె మూత మూసేశాడు.

“అమ్మా, నేను ఈ ఊళ్ళో గుండ్లకు ఫోటోలు తీసే బతుకుతా ఉండాను. తీయనని కాదు. ఈ పాప ఆడికి పోయి దిగేటప్పటికి జుట్టు భుజాల మీదికి వచ్చుంటుంది. ఫోటోలో ఉండేది ఎవురో మొగపిల్లోడు, ఈ పిల్ల యాడిది అంటారు. జుట్టు రానీండి.”

“ఎన్నాళ్ళప్పా?” అంది అమ్మ.

“మొక్కు మొక్కినోళ్ళు మీరు. ఆయన్నే అడగండి.”

అందుకని పాప జుట్టు పెరిగేలోగా మిగిలిన కాగితాల పని పెట్టుకున్నాం. ఆ కొన్ని నెలలూ మా అమ్మ పాప తలకు రాయని ఆకు పసరు లేదు.

పెళ్ళి వదినావాళ్ళ ఊళ్ళో, నగరి పక్కన, జరిగింది. శుభలేఖ చూపిస్తే సరిపోతుందనుకున్నాం. ఇల్లంతా వెతికితే ఒక్కటీ లేదు. మిగిలిపోయిన శుభలేఖలన్నీ మా అమ్మ వక్కపొడి పొట్లాలు కట్టడానికి వాడేసింది. ఇక పెళ్ళి చేయించిన పురోహితుడే దిక్కు. మా ఆయన వదినకు వరసకు తమ్ముడు, రైల్వేలో పని చేసేవాడు. ఆయన పాసు మీద వదినా నేనూ ఆయనతో కలిసి నగరి పోయాం. వదిన పురుడు పుట్టింట్లోనే కాబట్టి పాప పుట్టిన నమోదు అక్కడి కరణం దగ్గర సులువుగానే దొరికింది. ఆయన పెద్ద పుస్తకం విప్పి, ఆడశిశువు అని ఉన్న వరసకు నకలు రాసి చేతికిచ్చాడు.

పురోహితుడు అరుగు మీద దర్భలు ఆరబెట్టుకుంటున్నాడు. వదినను చూడగానే గుర్తుపట్టాడు.

“విక్రమ నామ సంవత్సరం, వైశాఖ శుద్ధ దశమి, ఉత్తరా నక్షత్రం. మంగళసూత్రం కట్టేటప్పుడు మీ ఆయన చేతులు వణికినాయి. మూడో ముడి నేనే పట్టుకోని వేయించినాను. ఇంకేం కావాలమ్మా?”

“ఇంగ్లీషు తేదీ కావాలి స్వామీ” అన్నాడు మా ఆయన.

“ఇంగ్లీషు తేదీతో నాకేం పని? నేనేమన్నా దొరసాని పెళ్ళి చేసినానా?”

అక్కడ నా చదువు పనికొచ్చింది. తిరుపతికి రాగానే గ్రంథాలయం పెద్దాయన్ను అడిగితే, చెదలు పట్టిందే తప్ప ఏ కాగితమూ పారేయని మనిషి, విక్రమ నామ సంవత్సర పంచాంగం అటక మీదినుంచి దించి దుమ్ము దులిపి ఇచ్చాడు. తిథికి ఎదురుగా ఇంగ్లీషు తేదీ ఉంది. అది చీటీ మీద రాసుకుని ఇంటికి వచ్చేటప్పుడు నేను నడిచిన నడక చూసి మా ఆయన, “మేజిస్ట్రేటు ఉద్యోగం నీకే ఇచ్చినారా?” అన్నాడు. మళ్ళీ నగరి పోయి, ఆ తేదీ వేసి పురోహితుడి చేత వాంగ్మూలం మీద సంతకం పెట్టించాం. పాప జుట్టు చెవుల దాకా వచ్చింది. రిబ్బను నిలబడకపోయినా పిన్నులతో గుచ్చి ఫోటో తీయించాం. ఇక మిగిలింది మేజిస్ట్రేటు ధ్రువపత్రం ఒక్కటే. అన్నిటికన్నా సులువైనది అదేననుకున్నాం. భార్య భార్యేనని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

చిత్తూరికి పాకాల మీదుగా రైల్లో పోయాం. మేము నలుగురం, అంటే వదిన, పాప, మా ఆయన, నేను. మేజిస్ట్రేటు గోదావరి వైపునుంచి కొత్తగా వచ్చిన మనిషి. కాగితాలన్నీ ఒకటికి రెండుసార్లు చదివి, కలం సిరాలో ముంచి, వదిన వైపు చూశాడు.

“మీ ఆయన పేరేంటమ్మా?”

వదిన నేల చూసింది. కాలి బొటనవేలు నేల మీద రాయడం మొదలుపెట్టింది. మా వైపు ఆడవాళ్ళు భర్త పేరు చెప్పరు. చెబితే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని నమ్మకం. నేను రాసిన దరఖాస్తులో పేరు మూడు చోట్ల ఉంది గానీ, ఆ పేరు ఆమె నోటితో చెప్పాల్సి వస్తుందని మాలో ఎవరికీ తోచలేదు.

పాప చెయ్యెత్తి నాయన పేరు ఇంటిపేరుతో సహా గడగడా చెప్పేసింది.

“నువ్వు కాదు తల్లీ. మీ అమ్మ చెప్పాలి.”

“సార్, మా పక్క ఆడోళ్ళు చెప్పరు సార్” అన్నాడు మా ఆయన. “మీరు పేరు చదివితే తలకాయ ఊపుతుంది.”

“మా వైపూ అంతేనండి. మా ఆవిడ నన్ను పిలవాలంటే గాజులు చప్పుడు చేస్తుంది. నాకు తెలీక కాదు.” ఆయన కలం కింద పెట్టాడు. “నేను ఇదివరకు పనిచేసిన చోట ఒకావిడకి ఇలాగే తల ఊపించి సంతకం పెట్టాను. ఓడ దిగాక అక్కడి అధికారి అడిగాడు, మీ ఆయన పేరేంటని. ఆవిడ నోరు విప్పలేదు. ఎవరో మనిషి ఎవరి భార్యనో తన భార్య అని చెప్పి తెస్తున్నాడని అనుమానపడి, వచ్చిన ఓడలోనే తిప్పి పంపేశారు. అక్కడ తల ఊపితే సరిపోదమ్మా. నీ పక్కన చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు. నీ నోటితో నువ్వు చెప్పాక నేను రాస్తాను. వచ్చేవారం రండి.”

తిరుగు రైల్లో నేను ఊరుకోలేదు. పట్నాల్లో చదువుకున్న ఆడవాళ్ళు భర్తల పేర్లు చెబుతున్నారని, ఉత్తరాల మీద రాస్తున్నారని, అందువల్ల ఎవరి ఆయుష్షూ తగ్గలేదని పత్రికల్లో చదివినదంతా చెప్పాను. పాకాల దాటేదాకా వదిన విన్నది. ఆ తర్వాత మెల్లగా అంది:

“సరే మే. నీ ఎదురుగానే కూర్చోనుండాడు కదా మా తమ్ముడు. ఒక్కసారి పేరు పెట్టి పిలువు.”

నేను నోరు తెరిచాను. మా ఆయన కిటికీలోనుంచి చంద్రగిరి కోట చూడడం మొదలుపెట్టాడు. కోట ఇంకా కనిపించనే లేదు. పేరు గొంతు దాకా వచ్చింది, అక్కడినుంచి రానంటే రానంది.

“ఏమ్మే, పత్రికలో రాయలేదా యెట్లా పిలవాల్నో?” అంది వదిన.

మా ఆయన భుజాలు కదులుతుంటే నవ్వుతున్నాడని తెలిసింది. 

మర్నాడు వదిన పాప తల దువ్వుతూ, నేను అడగకుండానే చెప్పింది.

“ఆడ బాంబులు పడినాయి. ఉత్తరం లేదు, కబురు లేదు. నువ్వు రోజూ పోయి పేపరు సదివొచ్చినావు. అత్త కొండకు మొక్కుకునింది. నేనేం చెయ్యగలను? ఆ పేరు నోట్లోనుంచి జారనీకుండా పట్టుకునుండాను. నిద్దరలో యాడ కలవరిస్తానో అని కూడా భయం. ఆ మనిషి బతికొచ్చినాడు. ఇప్పుడు, రేపో మాపో సూడబోయే ముందర, నన్ను దాన్ని వదిలిపెట్టమంటారు. నేను పోకుండా ఉన్నా పరవాలేదు మే. ఆయన సల్లగా ఉంటే సాలు.”

 లోపల బియ్యం ఏరుతున్న అమ్మకు ఈ మాటలు వినిపించాయి. కాసేపు చాట చప్పుడు ఆగింది.

“ఏమ్మాయా,” అంది అక్కడినుంచే, “నువ్వు ఒకసారి చెప్పినావే ఆ పేరు.”

వదిన ఉలిక్కిపడింది. “నేనా అత్తా? ఎప్పుడూ చెప్పలేదు.”

“కాపురానికొచ్చిన పొద్దు. ఈ గడపలోనే. ఇది అడ్డం నిలబడుకునింది కదా,” అని నన్ను చూపించింది. “చెప్పిందాకా దారి ఇయ్యలేదు. సన్నగా చెబితే వినపడలేదని మళ్ళీ చెప్పించింది, గయ్యాళిది.”

నిజమే. కొత్త పెళ్ళికూతురు మొదటిసారి అత్తగారింట్లో అడుగు పెట్టేటప్పుడు ఆడబిడ్డ గడపకు అడ్డం నిలబడి మొగుడి పేరు చెప్పమని అడుగుతుంది. చెప్పనిదే లోపలికి రానీయదు. ఆ ఒక్కసారి పేరు చెప్పడం తప్పు కాదు సరికదా, శుభం.

“ఆడబిడ్డ గడపలో అడిగితే దోషం లేదు,” అంది అమ్మ, చాట మళ్ళీ ఆడిస్తూ. “మా అత్త కాలంనుంచి ఉండాది. పెళ్ళిరోజే అడగాలని ఎవురన్నారు? ఇప్పుడు మాత్రం కాపురానికి పోవడం కాదా ఇది?”

వదిన దువ్వెన పట్టుకుని అలాగే కూర్చుంది. పాప, “అమ్మా, దువ్వు” అనేదాకా కదల్లేదు.

మరుసటి వారం మళ్ళీ నలుగురం చిత్తూరు పోయాం. ఈసారి వదిన పెళ్ళిచీర కట్టుకుంది. తలలో చామంతులు పెట్టుకుంది. మా పేరు పిలవగానే నేను అందరికన్నా ముందు పోయి, మేజిస్ట్రేటు గది గడప మీద వెనక్కి తిరిగి, రెండు చేతులూ దారబందానికి రెండు వైపులా ఆనించి నిలబడ్డాను. 

బంట్రోతు పరిగెత్తుకొచ్చాడు. “ఏమ్మా, కచేరీలో దారికడ్డం నిలబడితే యెట్లా?”

“కొంచెం ఆగప్పా. ఇది మా ఇంటి పని” అన్నాను. వదినతో, “ఎవురు వచ్చినారు? పేరు చెప్పి లోపలికి రా” అన్నాను.

వసారాలో ఏదో భూమి తగాదాకు పలమనేరునుంచి వచ్చినవాళ్ళు కూర్చుని ఉన్నారు. అందులో ఒక అవ్వకు సంగతి చప్పున అర్థమైంది. “చెప్పేయి తల్లీ,” అంది వక్క నములుతూ. “మొగుణ్ణి ఎంతసేపు వాకిట్లో నిలబెడతావు, పాపం?”

వసారా అంతా నవ్వింది. వదిన నవ్వలేదు. కళ్ళు మూసుకుంది. ఆరేళ్ళ కిందట మా ఇంటి గడప దగ్గర నిలబడినట్టే నిలబడింది. అప్పుడు, ఫలానావారూ నేనూ వచ్చినాము, దారి ఇయ్యి వదినా, అని చెప్పింది. ఇప్పుడు అన్న పేరు ఇంటిపేరుతో కలిపి చెప్పి, “వారి దగ్గరికి నేనూ మా పాపా పోతా ఉండాము. దారి ఇయ్యి వదినా” అంది.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ ఆడబిడ్డ ధర్మం ఒకటి ఉంది కదా.

“వినపడలేదు. గట్టిగా.”

గట్టిగా చెప్పింది. లోపలినుంచి మేజిస్ట్రేటు గొంతు వినిపించింది. “రెండుసార్లూ విన్నానమ్మా, రాసుకున్నాను కూడా. ఇక దారి వదులు.”

పెళ్ళిరోజు గడపలో దారి ఇచ్చినందుకు ఆడబిడ్డకు ఏదో ఒకటి ఇవ్వాలి. వదిన తలలోనుంచి ఒక చామంతి తీసి నా జడలో గుచ్చి లోపలికి పోయింది.

ఆయన సంతకం పెట్టి ముద్ర వేసి, కాగితం చేతికిస్తూ అడిగాడు. “అక్కడ మీ ఆడబిడ్డ ఉండదే, ఏం చేస్తావు?”

“ఆడ కూడా గడప ఉంటుంది కదా సార్” అంది వదిన.

కాగితాలు మలయాకు పోయాయి. ఏడాది ఆఖరుకు ఇంకా వ్యవధి ఉండగానే పర్మిట్టు వచ్చింది. మద్రాసు రేవు దాకా మా ఆయనా నేనూ పోయి ఓడ ఎక్కించాం. అప్పటికి పాప జుట్టుకు రిబ్బను నిలబడుతోంది. ఓడ కదిలిన రోజునుంచి నాకు ఒకటే గుబులు, ఆ గడప దగ్గర వదిన ఏం చేస్తుందోనని. పత్రికలో ఓడల రాకపోకలు వేసే మూల ఒకటి ఉండేది. అది రోజూ చదివేదాన్ని. ఇప్పుడు గుమ్మంలో నిలబడి ఏం రాసినారని అడిగేది మా అమ్మ.

వదిన నా దగ్గర అక్షరాలు నేర్చుకుంది. ఆమె స్వయంగా రాసిన మొదటి ఉత్తరం పినాంగునుంచి వచ్చింది. అందులో ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను. “రేవులో రేకుల కొట్టం ఉండాది. తెల్లదొర కూర్చోనుండాడు. పక్కన అరవాయన ఒకడు తెలుగులో అడిగినాడు, నీ మొగుడి పేరేమని. నేను వెనక్కి తిరిగి చూసినాను. నువ్వు లేవు. అప్పుడు మీ కోడలు నా చెయ్యి విదిలించుకుని ముందుకు పోయి, కొట్టం వాకిట్లో రెండు చేతులూ చాపి నిలబడింది. పేరు చెప్పి రా అమ్మా అనింది. చెప్పినాను. వినపడలేదు, గట్టిగా అనింది. ఎవురి పోలికో. గట్టిగా చెప్పినాను. కొట్టం అవతల కంబికంచె పట్టుకుని మీ అన్న పొద్దున్నుంచి నిలబడి ఉన్నారంట. మనిషి కనపడలేదు గానీ, నేను చెప్పగానే ఆ పక్కనుంచి ‘ఆఁ, వస్తా ఉండా’ అని పలికినారు. ఎవురో పిలుస్తా ఉండారనుకున్నారంట.”

ఈ ఉత్తరం అమ్మ ఎన్నిసార్లు చదివించుకుందో లెక్క లేదు. ‘ఆఁ, వస్తా ఉండా’ దగ్గర ప్రతిసారీ ఆపేది.

ఇక నేను కృతజ్ఞత చెప్పుకోవలసినవాళ్ళు ఉన్నారు. పేర్లు రాయొద్దని మాట ఇచ్చాను కాబట్టి, మేము వాళ్ళను ఎలా చెప్పుకునేవాళ్ళమో అలాగే రాస్తాను. పాప జుట్టు వచ్చేదాకా ఫోటో తీయనని పెట్టె మూసేసిన గుండ్ల ఫోటో మామకు, మూడో ముడిని మరిచిపోని నగరి స్వామికి, ఒక్క మాట అడగకుండా నకలు రాసిచ్చిన కరణం తాతకు, పాత పంచాంగాన్ని కూడా పారేయని పుస్తకాల పెద్దాయనకు, వసారాలో వక్క నములుతూ మా పక్షం మాట్లాడిన పలమనేరు అవ్వకు, తేలిగ్గా సంతకం పెట్టకుండా మాకు మేలు చేసిన గాజుల మేజిస్ట్రేటుకు, బియ్యం ఏరుతూ దారి చూపించిన మా అమ్మకు, ఎవరూ చెప్పకుండానే కొట్టం వాకిట్లో చేతులు చాపిన మా పాపకు.

చివరగా, తన రైలు పాసు మీద మమ్మల్ని అన్ని ఊళ్ళూ తిప్పి, పాకాల దాటిన తర్వాత కిటికీలోనుంచి లేని కోట చూసిన మా ఆయనకు. ఆయన పేరు ఒక్కటి రాయాలనే ఉంది. వరసకు నాకూ ఆడబిడ్డే కదా వదిన, ఎప్పుడైనా వచ్చి మా గడపకు అడ్డం నిలబడి అడిగితే చెబుతాను.